రెండు సూర్యోదయాల రోజు

రోహిణి కార్తె వెళ్ళిపోయే ముందు కూడా కనికరించడం లేదు. పొద్దున ఎనిమిది కాకుండానే కరెంటు పోయింది. పెరట్లో కొబ్బరి దింపు జరుగుతోంది. కాయలు దబదబా పడుతుంటే బుర్ర పని చేయక, బల్లను వీధి గదిలోకి జరుపుకున్నాను. కాలువలోకి ఇంకా నీళ్ళు రాలేదు. ధవళేశ్వరంలో ఎప్పుడు వదులుతారన్న దాని మీద మా అరుగు మీద ఎవరి లెక్క వాళ్ళకుంది. ఆఫీసు లేని రోజు కాబట్టి నా పూటంతా లైబ్రరీకే.

నేను చూసుకునేది ఖగోళ గణితానికి సంబంధించిన ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ. సూర్యచంద్రుల స్ఫుటాలు (ఆకాశంలో వాటి స్థానాలు), ఉదయాస్తమయాలు, గ్రహణాలు లెక్కగట్టే కోడ్. ఎవరైనా తీసుకుని తమ ప్రోగ్రాముల్లో కలుపుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా ఇవ్వనక్కరలేదు. అందుకే అమ్మ దీన్ని పని అని ఒప్పుకోదు. ఇందులో అసలు కష్టం ఎప్పుడో ఇతరులు పడ్డారు. గ్రహాల స్థానాలకు ఖగోళ శాస్త్రవేత్తలు బ్రెటన్యోన్, ఫ్రాంకూ 1988లో ప్రచురించిన వీఎస్‌ఓపీ87 అనే సిద్ధాంతం, చంద్రుడికి ఈఎల్‌పీ అనే సిద్ధాంతం. రెండూ పారిస్‌లో పుట్టినవే, రెండూ వేల పదాల శ్రేణులే. వాటిని కూడి పెట్టడం యంత్రానికి చిటికెలో పని. నిర్వహణ పేరుతో నా పాలబడ్డవి గడియారం, తేదీ, ఊరు. బగ్గులు కాపురం ఉండేదీ అక్కడే.

రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న ఒక కుర్రవాడు రాత్రి ఫిర్యాదు పెట్టాడు. తను తయారు చేస్తున్న ఫోను యాప్‌లో రేపటి తిథి ఈ రోజే కనిపిస్తోందట. మే మూడో వారం దాకా అంతా సరిగ్గా ఉందట, ఆ తర్వాత ప్రతి రోజూ ఇదే వరసట. పట్టిక జత చేశాడు, ఏ వెర్షన్ వాడుతున్నాడో రాశాడు, ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాడు. బగ్గు గురించి ఇంత శుభ్రంగా రాసేవాళ్ళు అరుదు. ‘పని చేయడం లేదు, త్వరగా చూడండి’ అన్న ఒక్క ముక్క చదివి జోస్యం చెప్పుకోవలసి వచ్చే రోజులే ఎక్కువ.

ఈ పనిలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. తప్పు ఎంత ఉందో కొలిస్తే చాలు, ఎక్కడుందో దాదాపు తెలిసిపోతుంది. తిథి ముగింపు 69 సెకన్లు తప్పితే, భూమి తిరుగుడును బట్టి నడిచే కాలానికీ సిద్ధాంతాలు వాడే సమగతి కాలానికీ మధ్య సవరణను ఎవరో మరిచారన్న మాట. ప్రస్తుతం ఆ రెంటి మధ్య తేడా అంతే. 40 సెకన్లు తప్పితే సూర్యుడి కాంతి విషయం. ఆ వెలుగు మనను చేరడానికి 8 నిమిషాల పైచిలుకు పడుతుంది కాబట్టి సూర్యుడు దాదాపు 20.5 వికలలు (వికల అంటే డిగ్రీలో 3600వ వంతు) వెనక కనిపిస్తాడు. చంద్రుడు సూర్యుణ్ణి విడిచి ముందుకు సాగేది సగటున నిమిషానికి 30 వికలలు. భాగిస్తే 40 సెకన్లు వచ్చి కూర్చుంటాయి. అయిదున్నర గంటలు తప్పితే చెప్పనే అక్కరలేదు, మన ప్రామాణిక కాలాన్ని ఎక్కడో కలపలేదు, లేదా రెండుసార్లు కలిపారు.

అయనాంశను, అంటే రాశిచక్రం మొదలును నక్షత్రాలకు సరిపెట్టడానికి స్ఫుటాల్లోంచి తీసేసే కోణాన్ని, నేను అనుమానించను. తిథి అంటే చంద్ర, సూర్య స్ఫుటాల తేడా. పన్నెండు డిగ్రీలకు ఒక తిథి. రెండింటిలోంచీ ఒకే అంకె తీసేస్తే తేడా మారదు. నక్షత్రానికి కావాలి గానీ తిథికి ఏ అయనాంశతోనూ పని లేదు. అయినా ‘మీ తిథులు ఏ అయనాంశ ప్రకారం?’ అని అడిగే వాళ్ళు నెలకు ఒకరైనా తగులుతారు.

రేఖాంశం తప్పు మాత్రం మా కోనసీమలో కూర్చుంటే ఎప్పటికీ దొరకదు. దేశానికంతా గడియారం దిద్దే రేఖాంశం 82.5 డిగ్రీలు. అమలాపురం 82 డిగ్రీల దగ్గర ఉంది. ఊరి రేఖాంశాన్ని పూర్తిగా గాలికి వదిలేసి ప్రామాణిక రేఖతోనే లెక్క కట్టినా ఇక్కడ తప్పేది రెండు నిమిషాలు. గోడ గడియారాలే అంతకన్నా ఎక్కువ తప్పుతాయి. అదే కోడ్‌ను ద్వారకకు తీసుకుపోతే 54 నిమిషాల తేడా. అందుకే మా టెస్టుల్లో, అంటే కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షల్లో, ద్వారకకు ఎప్పుడూ చోటుంటుంది. మా ఊరికి ఆ గౌరవం లేదు.

ఈ కుర్రవాడి పట్టికలో వీటిలో ఏదీ కాదు. తిథుల ముగింపు సమయాలు నిమిషానికి నిమిషం సరిపోతున్నాయి. ఏ తిథి ఏ తేదీకి అన్నదే తప్పు, అదీ నిండా ఒక రోజు. అంటే చంద్రుడి జోలికి పోనక్కరలేదు. ఉదయానికి ఉన్న తిథే ఆ తేదీ తిథి కాబట్టి, సూర్యోదయం దగ్గరే ఏదో జరిగింది.

ఇంతలో సిద్ధాంతి గారి ఫోను. మా వీధి చివర ఉంటారు, డెబ్బై దాటాయి. పాత లాప్‌టాప్‌లో మా లైబ్రరీతో చేసిన చిన్న ప్రోగ్రాము పెట్టుకుని తన పంచాంగం లెక్కలు సరిచూసుకుంటారు. దృక్ గణితం, అంటే ఆకాశంలో కనిపించేదానికి సరిపడే లెక్క, వాడతారు గానీ దాని మీద సణుగుడు మానరు. బాణవృద్ధి రసక్షయం అని చదువుకున్న మనిషి, అంటే తిథి 65 ఘడియలకు (ఘడియ అంటే 24 నిమిషాలు) మించదు, 54కు తగ్గదు అని. దృక్కులో 50 ఘడియల తిథి కనపడినప్పుడల్లా నాకు ఫోను చేసి, నేనేదో కోసేసినట్లు మాట్లాడతారు.

“అమ్మాయీ, ఏకాదశి సరిచూశాను. మీ కంప్యూటరూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం.”

“తేదీ కూడా సరిగ్గానే ఉందాండీ?” అని అడిగాను.

“ఎందుకు ఉండదమ్మా? మే నుంచి అన్నీ సరిచూస్తూనే ఉన్నాను.”

ఒకే వెర్షన్, ఒకే కోడ్, గోదావరికి అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు. ఒకరికి సరిగ్గా వస్తున్నది ఇంకొకరికి రోజంతా తప్పుతోంది. ఫోను పెట్టేసి, ఇద్దరి అమరికలూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా ఒక్కటే. సిద్ధాంతి గారిది సంప్రదాయ పద్ధతి: బింబం మధ్యభాగం క్షితిజాన్ని తాకితే ఉదయం, వాతావరణంలో కాంతి వంగడాన్ని లెక్కలోకి తీసుకోరు. కుర్రవాడిది లైబ్రరీ మామూలుగా ఇచ్చేది: బింబం పై అంచు కనిపిస్తే ఉదయం, వక్రీభవనానికి, అంటే ఆ వంగడానికి, 34 కలలు (కల అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), సూర్యబింబంలో సగానికి 16 కలలు, వెరసి 50 కలల కిందనే ఉదయం. మా అక్షాంశంలో ఈ కాలంలో ఆ రెండు ఉదయాల మధ్య నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ.

ఆ నాలుగు నిమిషాల్లోనే ఉంది కథంతా. జూన్ మొదట్లో మా వైపు సూర్యోదయం పై అంచు లెక్కన 5 గంటల 28 నిమిషాలకు, కేంద్రం లెక్కన 5 గంటల 32 నిమిషాలకు. ప్రపంచమంతటికీ ఉమ్మడి కాలమైన యూటీసీలో కొత్త తేదీ మొదలయ్యేది మన 5 గంటల 30 నిమిషాలకు! కోడ్‌లో తిథి చెప్పే భాగం, అంటే తిథి మాడ్యూలు, ‘ఫలానా తేదీకి సూర్యోదయం ఎప్పుడు’ అని అడిగితే, అడుగున ఉన్న ఫంక్షను యూటీసీ తేదీలో వెతుకుతోంది. 5 గంటల 28 నిమిషాల ఉదయం దాని దృష్టిలో నిన్నటి ఖాతాలోది. కాబట్టి ఈ రోజుకు అని వెతికి రేపటి ఉదయాన్ని పట్టుకొచ్చి ఇస్తోంది. రెండు నిమిషాల తేడాతో సిద్ధాంతి గారు గట్టున పడ్డారు.

ఆ మాడ్యూలు చేరింది సంక్రాంతి రోజుల్లో. అప్పుడు ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక. దానితో పాటు వచ్చిన టెస్టులన్నీ జనవరి, ఫిబ్రవరి తేదీలవే, అన్నీ పచ్చగా నెగ్గాయి. మనకన్నా ముందే తెల్లవారే కోల్‌కతాలో ఎవరైనా వాడి ఉంటే ఏప్రిల్ మొదట్లోనే బయటపడేది.

కరెంటు వచ్చాక సరదాగా ఏడాది మొత్తానికి ఒకేసారి నడిపించి చూశాను. మే 20 ప్రాంతంలో ఒక యూటీసీ తేదీకి రెండు సూర్యోదయాలు వచ్చాయి, అర్ధరాత్రి దాటీదాటగానే ఒకటి, మళ్ళీ అర్ధరాత్రి కాబోతుండగా ఇంకొకటి. జూన్ 20 ప్రాంతంలో ఒక తేదీకి అసలు ఉదయమే లేదు. ఉదయం లేకపోతే ఏమనాలో ఆ కోడ్‌కు తెలుసు, ఎందుకంటే నార్వేలో ట్రామ్సో లాంటి ఊళ్ళలో మే మూడో వారం నుంచి జూలై నాలుగో వారం దాకా సూర్యుడు అస్తమించడు. కాబట్టి రాజమహేంద్రవరం పేరు ఎదురుగా తొణక్కుండా రాసింది: ‘ధ్రువ దినం. సూర్యుడు అస్తమించడు.’ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉండగా ఆ వాక్యం చదవడం బాగానే ఉంది.

అమ్మ ముంజలు ఒలిచి పెట్టి, “ఒక్కర్తివే ఎందుకు నవ్వుతున్నావు?” అంది. చెప్పాను. “రోజుకు రెండుసార్లు పొడిచినా ఒకటే, ఈ ఎండకు” అంది.

సరిచేయడం కష్టం కాదు. ఎలా సరిచేయాలన్నదే ఆలోచించుకోవలసి వచ్చింది. తేదీ అనేది ఊరిది, ఉదయం అనేది క్షణం. అందుకని అడుగు ఫంక్షను ఇక తేదీ తీసుకోదు. ఒక క్షణం ఇస్తే దాని తర్వాత వచ్చే మొదటి ఉదయం చెబుతుంది, అంతే. తేదీ కావలసిన వాళ్ళు కాలమండలం (టైమ్ జోన్) కూడా చెప్పి తీరాలి. దీని వల్ల పాత పద్ధతిలో పిలిచే ప్రోగ్రాములన్నీ కొత్త వెర్షన్‌తో ఆగిపోతాయి, నాలుగు తిట్లు తప్పవు. కాలమండలం ఇవ్వకపోతే రేఖాంశాన్ని బట్టి మనమే ఊహిద్దామని ఒక సూచన కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. చప్పుడు చేయకుండా తప్పు తేదీ ఇచ్చే ప్రోగ్రాము కన్నా ఆగిపోయి అరిచేదే నాకు ఇష్టం. తిథి తప్పితే ఎవరి ఇంట్లోనో ఆబ్దికం తప్పుతుంది.

టెస్టులు కూడా మార్చాను. ఎంచుకున్న తేదీలు తీసేసి ఏడాది పొడవునా అన్ని రోజులూ పెట్టాను. షరతులు రెండు: స్థానిక తేదీకి సరిగ్గా ఒకే ఉదయం ఉండాలి, వరస ఉదయాల మధ్య 24 గంటలకు ఒక నిమిషానికి మించి తేడా ఉండకూడదు. ఈ రెండో షరతు మన అక్షాంశాలకే, ట్రామ్సోకు వేరేది రాయాలి. మొదటిసారిగా అమలాపురాన్ని కూడా జాబితాలో చేర్చాను. ఇప్పుడది పరీక్ష పెట్టదగ్గ ఊరే. అన్నీ నడిచాయి, నాకు ముద్దయిన 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం టెస్టుతో సహా. ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఫ్రాన్సు నుంచి వచ్చి గుంటూరులో చూసిన గ్రహణం అది. మన నేల మీద పడిన నీడ మా టెస్టుల్లో ఒకటి ఉండాలని పట్టుబట్టి పెట్టాను.

మిగతావి చిన్నవి. న్యుటేషన్ (భూమి అక్షం సన్నటి ఊగులాట) లెక్కను 1365 పదాల నుంచి 77 పదాలకు కుదించి ఫోన్లలో వేగం పెంచుదామని ఎవరో పంపిన మార్పును ఐచ్ఛికంగా తీసుకున్నాను. తిథికైతే అదీ కొట్టుకుపోయేదే, రెండు స్ఫుటాలకూ ఒకేలా కలుస్తుంది కదా. భూమి తిరుగుడుకు సరిపెట్టడానికి గడియారానికి అప్పుడప్పుడు కలిపే లీప్ సెకన్ల పట్టికలో 2017 జనవరి 1 తర్వాత కొత్త వరస చేరలేదు. వాటి మీద జూలై ప్రకటన వచ్చాక మళ్ళీ చూడాలి. ఉదయాన్ని సెకన్లతో సహా ఇవ్వమన్న పాత కోరికను మరోసారి తిప్పి పంపాను. 34 కలలన్నది సగటు, ఆ రోజు గాలి వేడిని బట్టి, ఒత్తిడిని బట్టి అది మారుతుంది. లెక్కలో సెకన్లు వస్తాయి, ఆకాశంలో రావు. పైగా మా డాబా మీద నుంచి చూస్తే ఆరు దాటితే గానీ కొబ్బరి మట్టల పైకి సూర్యుడు రాడు. పండుగ నిర్ణయాలు కూడా చేర్చమని ఇంకొకరు. ఏకాదశి స్మార్తులకు ఒకలా, వైష్ణవులకు ఉదయానికి నాలుగు ఘడియల ముందే దశమి వదలాలని ఇంకోలా. ఆ తగువు సిద్ధాంతులది. సమయాలు చెప్పడంతో మా లైబ్రరీ పని అయిపోతుంది.

సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల చేసి సిద్ధాంతి గారికి ఫోను చేశాను.

“నా దాంట్లో ఏమైనా మారుతుందా?” అన్నారు.

“మీ లెక్కల్లో ఏమీ మారదండీ.”

“మారనప్పుడు కొత్తది నాకెందుకమ్మా? పాతదే ఉండనీ.”

నిజమే, తప్పు పట్టలేని మాట. కానీ వారి పెద్దమ్మాయి ఉండేది గౌహతిలో. ఆవిడకు ఏటా అక్కడి ఉదయాలతో తిథులు రాసి పంపడం ఆయనకు అలవాటు. అక్కడ ఈ నెలలో అయిదు కాకుండానే తెల్లవారుతుంది, ఏ పద్ధతిలో లెక్క కట్టినా సరే. ఈ ఏడాది పంపారా అని అడిగాను.

“లేదు. ఇంకా రాస్తున్నాను” అని కాసేపు ఆగి, “అయితే రేపు లాప్‌టాప్ తెస్తాను, నువ్వే ఎక్కించు” అన్నారు.