నలుగురు లేని చోట

"నలుగురంటే ఎవరు నాన్నా?"

మా వాడికి పదిహేనేళ్ళు. వాడు ఈ మాట అడిగి మూడు వారాలైంది. సరైన జవాబు నాకింకా దొరకలేదు.

ఆ రోజు బట్టలు వాషింగ్ మెషీన్లో వేస్తూ వాడి జీన్స్ జేబులు తడిమాను. టిష్యూ పేపర్లు జేబులోనే వదిలేస్తాడు, ఉతికాక అవి నలకలు నలకలై అందరి బట్టలకీ అంటుకుంటాయి. ఈసారి చేతికి సిగరెట్ తగిలింది. ఒక్కటే. నడిమికి వంగింది గానీ విరగలేదు. కాగితం చిరిగిన చోటినుంచి నాలుగు పొగాకు పోగులు అరచేతిలో రాలాయి. మెషీన్ ఆన్ చెయ్యకుండా చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

సాయంత్రం వాడు రాగానే నా నోట వచ్చిన మొదటి మాట, "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" ఊపిరితిత్తులు, గుండె, వాడి ఒళ్ళు, ఇవేవీ గుర్తుకు రాలేదు. మా నాన్న నన్ను పెంచినన్నాళ్ళూ అన్న మాట, అలాగే బయటికొచ్చేసింది. వాడు ఎదురు తిరగలేదు, గొంతూ పెంచలేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు. "నలుగురంటే ఎవరు? మనకి ఇక్కడ ఎవరున్నారు? నాకున్న నలుగురూ నా ఫ్రెండ్సే. అది ఇచ్చింది వాళ్ళే."

నేను పెరిగిన చోట నలుగురూ ఎప్పుడూ చుట్టూ ఉండేవాళ్ళు. ఎవరో ఒకరు చూస్తారు, చూసినవాళ్ళు ఇంట్లో చెప్తారు అన్న భయం ఉండేది. ఆ కాపలా లేని చోటికి వాడిని తెచ్చింది మేమే. తెచ్చి, లేని కాపలాకి భయపడమంటున్నాం. అసలు ఆ కాపలా నన్నైనా ఆపిందా? పంతొమ్మిదో ఏట ఇల్లు దాటి హాస్టల్‌కి వెళ్ళిన కొద్ది నెలలకే మొదటి దమ్ము లాగాను. నలుగురి భయం నాకు నేర్పింది దాచుకోవడం ఒక్కటే.

ఆ సంగతి వాడికి తెలియదు. ఆ రాత్రి సూటిగా అడిగాడు, "నువ్వెప్పుడైనా తాగావా?" అని. "లేదు" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తర్వాత కొన్నాళ్ళు చదవడం, చదివింది వాడి ముందు పెట్టడం, ఇదే పని. పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయని, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవని చెప్పాను. తలూపాడు. పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించాను. ఒక్కసారి చూసి ఫోన్ తిప్పి ఇచ్చేశాడు. పదిహేనేళ్ళవాడికి యాభై ఏళ్ళకొచ్చే జబ్బు గురించి చెబితే ఎవరో ముసలాయన సంగతి విన్నట్టే వింటాడు.

రెండు విషయాలకి మాత్రం కాస్త కదిలాడు. టెన్షన్ తగ్గుతుందని వాళ్ళ ఫ్రెండ్స్ అంటారట. పొగాకులో ఉండే నికోటిన్ మెదడుకి చేరడానికి 20 సెకన్లు కూడా పట్టదు, అందుకే అంత త్వరగా హాయి అనిపిస్తుంది. ఒంట్లో అది తగ్గేకొద్దీ చిరాకు మొదలవుతుంది. మళ్ళీ కాలిస్తే పోయేది చాలావరకు ఆ చిరాకే. మెదడు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి వీళ్ళ వయసులో ఆ అలవాటు ఇంకా త్వరగా పాతుకుపోతుంది. ఇది విని, "అంటే టెన్షన్ ఇచ్చేదీ అదే, తీసేసేదీ అదేనా?" అన్నాడు. పండ్ల వాసనొచ్చే ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో, అదే వేప్‌లోనూ సాధారణంగా ఉండేది ఆ నికోటినే అని చెబితే మౌనంగా ఉండిపోయాడు.

రెండోది, 1984లో అమెరికాలో ఒక సిగరెట్ కంపెనీ తనలో తాను రాసుకున్న నివేదిక. తర్వాత కోర్టు కేసుల్లో బయటపడింది. మానేసేవాళ్ళూ చనిపోయేవాళ్ళూ ఖాళీ చేసిన చోట్లు నిండాలంటే కుర్రవాళ్ళే దిక్కని అందులో ఉంది. అది వాడికి నచ్చలేదు. తనని ఎవరో లెక్కలో వేసుకున్నారంటే ఆ వయసులో పౌరుషం వస్తుంది. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంతోనే బ్రిటన్ డాక్టర్ల అధ్యయనం కూడా చెప్పాను. 1951లో మొదలుపెట్టి, 34,000 మందికి పైగా మగ డాక్టర్లను 50 ఏళ్ళపాటు గమనించారు. జీవితాంతం తాగినవాళ్ళు తాగనివాళ్ళకన్నా సుమారు పదేళ్ళు ముందు పోయారు. ముప్ఫై ఏళ్ళకే మానేసినవాళ్ళు మాత్రం ఆ ప్రమాదం నుంచి దాదాపు బయటపడ్డారు.

"అయితే ముప్ఫైకి మానేస్తే సరిపోతుందిగా?"

దీనికి జవాబు నా ఒంట్లోనే ఉంది. చెప్పాలంటే ఆ రాత్రి ఆడిన అబద్ధం ఒప్పుకోవాలి. రెండు రోజులు పట్టింది నాకు. చివరికి కారులో చెప్పాను, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టి. మానేద్దామనుకుని మూడుసార్లు ఓడిపోయానని చెప్పాను. మొదటి మూడు రోజులూ నిద్ర ఉండేది కాదని, వాళ్ళమ్మ మీద ఊరికే అరిచేవాడినని, నాలుగోసారి మానగలిగేసరికి నాకు ముప్ఫై ఒకటని, అప్పుడు వాడికి రెండేళ్ళని చెప్పాను. ఎత్తుకోబోతే వాడు నా నోటి దగ్గర వాసనకి మొహం తిప్పేసేవాడు. ఆ సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

"తాతయ్యకి తెలుసా?"

"తెలియదు. తెలియకుండానే పోయారు."

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఇప్పుడు తాగాలనిపించదా?" అన్నాడు.

"అనిపించింది. మొన్న నీ జేబులో దొరికినప్పుడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను."

ఇది చెప్పి తప్పు చేశానేమో. మా ఆవిడైతే పిల్లాడి ముందు తండ్రి అంత చిన్నబోకూడదంటుంది. నిజం చెబితే వాడు జాగ్రత్తపడతాడో, నాన్నే తాగి మానగలిగాడు కదా నేనూ మానతానులే అనుకుంటాడో, నాకు తెలియడం లేదు. ఇకమీదట జేబులు వెతకనని వాడికి మాటిచ్చాను. ఆ వారంలోనే రెండుసార్లు వెతికాను. ఏమీ దొరకలేదు. వెతికినందుకు సిగ్గేసింది, దొరకనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

నిన్న ఆదివారం వాడు తన బట్టల బుట్ట తానే కిందికి తెచ్చాడు. తెల్లవి, రంగువి వేరుచేసి, సబ్బుపొడి ఎంత వెయ్యాలో వాళ్ళమ్మని అడిగి మెషీన్ ఆన్ చేశాడు. నీ బట్టలు నువ్వు ఉతుక్కోరా అని రెండేళ్ళుగా చెప్తున్నాను. లోపల బట్టలు తిరుగుతుంటే మెట్ల దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను.