యాభయ్యో నంబరు ఫ్లాటు నుంచి గొగోల్ రాయి దాకా

దయ్యాల కథలో నవ్వునీ, నవ్వులో వణుకునీ కలిపి రాసినవాళ్లలో నా వరకు రష్యన్ రచయిత మిఖాయిల్ బుల్గాకోవ్ తర్వాతే ఎవరైనా. ‘మాస్టర్-మార్గరీత’ నవలలో సైతాను తన పరివారంతో మాస్కోలో దిగి, ఒక మామూలు ఫ్లాటులో మకాం పెడతాడు. ఆ ఫ్లాటు నిజంగానే ఉందని తెలిసినప్పటి నుంచి చూడాలని ఆశ. కథ మొదలయ్యేది మే నెల సాయంత్రం కాబట్టి నేనూ మే నెలలోనే వెళ్లాను.

మయకోవ్‌స్కయా మెట్రో స్టేషన్ బయటికొచ్చి బల్షాయా సదోవయా వీధిలో కొంచెం నడిస్తే పదో నంబరు భవనం వస్తుంది. డాక్టరు వృత్తి వదిలేసి రాతనే నమ్ముకున్న బుల్గాకోవ్ 1921లో మాస్కో చేరి, ఇక్కడే యాభయ్యో నంబరు ఫ్లాటులో ఒక గదిలో భార్యతో కాపురం పెట్టాడు. 1924 దాకా ఈ భవనంలోనే ఉన్నాడు. కింద ఒక మ్యూజియం, పైన అసలు ఫ్లాటులో ఇంకో మ్యూజియం ఉన్నాయి. హడావుడిగా ఉంటే కిందది వదిలేసినా ఫర్వాలేదు, పైకి మాత్రం తప్పకుండా ఎక్కాలి.

ఎక్కేటప్పుడే కథ మొదలవుతుంది. మెట్ల పక్క గోడల మీద అభిమానులు గీసిన నల్లపిల్లులు, నవలలోని వాక్యాలు, పేర్లు. ఒకదాని మీద ఒకటి, సున్నం వేసినా ఆగకుండా. ఒక మలుపులో గీసిన పిల్లి మీసాల మీద ఎవరో వేరే రంగుతో తమ పేరు రాసుకున్నారు, దాని మీద ఇంకొకరు ఇంకో పిల్లిని గీశారు. మామూలుగా గోడల మీద రాసేవాళ్లంటే నాకు పడదు. ఇక్కడ మాత్రం ఒక్కో మెట్టూ ఆగి చూశాను.

లోపల నన్ను పట్టేసింది వంటిల్లు. విప్లవం తర్వాత మాస్కోలో ఇళ్ల కొరత ఎంతంటే, ఒక్కో ఫ్లాటులో గదికో కుటుంబాన్ని కుక్కేవారు. వంటిల్లు అందరికీ ఒకటే. అక్కడ పెట్టిన పాత ప్రైమస్ స్టవ్వుల ముందు నిలబడితే బెగెమోత్ గుర్తొచ్చింది. సైతాను పరివారంలో మనిషంత నల్లపిల్లి అది. పోలీసులు తుపాకులతో ఫ్లాటులోకి దూసుకొస్తే, నేనేం అల్లరి చేయట్లేదు, ప్రైమస్ బాగుచేసుకుంటున్నానని చెబుతుంది. పక్కగది గోల, తాగుబోతుల కేకలు, వంటింట్లో జగడాలు అన్నీ పడ్డ మనిషే ఆ పిల్లి చేతికి స్టవ్వు ఇవ్వగలడు.

ఈ ఫ్లాటు గురించి నవలలో ఒక ఘట్టం ఉంది. సైతాను రావడానికి రెండేళ్ల ముందు నుంచే అందులో అద్దెకుండేవాళ్లు మాయమైపోతుంటారు. సెలవురోజున తెల్ల గ్లవుసుల పోలీసు ఒకడు మర్యాదగా వచ్చి, ఒక్క నిమిషం స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టమంటాడు. పది నిమిషాల్లో వస్తానని పనిమనిషికి చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రాడు. విచిత్రమేమిటంటే ఆ పోలీసు కూడా మళ్లీ కనపడడు. ఇదంతా చేతబడేనని పనిమనిషి తేల్చేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు పగలబడి నవ్వాను. ఆ గడప దాటి లోపలికొచ్చాక నవ్వు రాలేదు. అరెస్టు అన్న మాట రాయలేని కాలంలో చేతబడి అని రాసి, చదివేవాళ్లకి అర్థమయ్యేలా చేశాడు. బుల్గాకోవ్ రాతలో భయం దయ్యాల వల్ల పుట్టదని, దయ్యాలు రాకముందే అది ఆ ఇంట్లో ఉందని నా నమ్మకం.

సైతాను ఇక్కడే వేలమందికి విందు ఇస్తాడు. ఇంత చిన్న ఫ్లాటులో అంత పెద్ద హాలెలా పట్టిందని నవల నాయిక మార్గరీత ఆశ్చర్యపోతే, ఐదో పరిమాణం తెలిస్తే ఇదో లెక్కా అంటాడు సైతాను అనుచరుడు కొరోవ్యోవ్. అంతటితో ఆగడు. ఏ మంత్రమూ తెలియకుండానే మూడు గదుల ఫ్లాటుకి అడ్డుగోడ కట్టి నాలుగు చేసి, మార్పిడి మీద మార్పిడి చేసి ఆరు గదులు సంపాదించిన పెద్దమనిషి కథ చెబుతాడు. ఆ ఫ్లాటులో గది నుంచి గదికి నాలుగడుగుల్లో వెళ్తూ దాన్ని తలుచుకుంటే ఆ మాట విలువ తెలిసింది.

అక్కడి నుంచి పాత్రియార్షీ ప్రుదీ నడిచి వెళ్లేంత దూరం. పేరుకి చెరువులు, ఉన్నది ఒకటే. బెర్లియోజ్ అనే సంపాదకుడు దేవుడూ లేడు దయ్యమూ లేడని వాదిస్తూ కూర్చున్నది ఇక్కడే. అన్నుష్క అనే ఆవిడ ఒలకబోసిన పొద్దుతిరుగుడు నూనె మీద జారి, ట్రామ్ కింద పడి తల పోగొట్టుకుంటాడు. అపరిచితులతో మాట్లాడవద్దనే బోర్డు చూశాను. చుట్టూ ఖరీదైన కాఫీ హోటళ్లు. ఎక్కువసేపు ఉండాలనిపించలేదు.

మాలయా బ్రోన్నయా వీధి వెంబడి దిగి నికీత్‌స్కీ బులెవార్‌లో గొగోల్ ఇంటికి వెళ్లాను. బుల్గాకోవ్ గురువుగా భావించింది పంతొమ్మిదో శతాబ్దపు ఈ రచయితనే. 1852లో గొగోల్ ‘మృతజీవులు’ నవల రెండో భాగాన్ని కాల్చేసింది ఈ ఇంట్లోనే, కొద్దిరోజులకే కన్నుమూసిందీ ఇక్కడే. ఆ పొయ్యి ఇప్పటికీ చూపిస్తారు. పెరట్లో శిల్పి ఆంద్రేయెవ్ 1909లో చేసిన గొగోల్ విగ్రహం పైవస్త్రం కప్పుకుని తల వంచుకుని కూర్చుని ఉంటుంది. చుట్టూ దిమ్మె మీద ఆయన పాత్రలు కులాసాగా కనిపిస్తాయి. పైన దిగులు, కింద నవ్వు. నేను మాస్కోలో చూసిన విగ్రహాలన్నిటిలో ఇదే గొప్పది.

సాయంత్రం మెట్రోలో స్పోర్తీవ్‌నయా దిగి బల్షాయా పిరగోవ్‌స్కయా వీధిలో 35వ నంబరు ఇంటి ముందు ఆగాను. 1930లో బుల్గాకోవ్ కూడా తన నవల చిత్తుప్రతిని పొయ్యిలో వేసింది ఇక్కడ ఉండగానే. నాటకాలన్నీ ఆపేశారు, బతుకు గడవడం లేదని ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే, ఏప్రిల్ 18న స్టాలినే ఫోన్ చేశాడు. ఆర్ట్ థియేటర్లో ఉద్యోగం దొరికింది, అచ్చు మాత్రం దొరకలేదు. రాతప్రతులు కాలిపోవని సైతాను చేత అనిపించింది, కాల్చి మళ్లీ మొదటి నుంచి రాసుకున్న ఈ మనిషే.

నోవొదేవిచీ శ్మశానం అక్కడికి దగ్గరే. బుల్గాకోవ్ సమాధి మీద గరుకుగా, నల్లగా ఒక పెద్ద బండ ఉంటుంది. అది ఒకప్పుడు గొగోల్ సమాధి మీది రాయి. 1931లో గొగోల్ అవశేషాల్ని ఈ శ్మశానానికి తరలించినప్పుడు దాన్ని పక్కన పడేశారు. శిలలు చెక్కేవాళ్ల దగ్గర తుక్కులో పడి ఉన్న దాన్ని బుల్గాకోవ్ మూడో భార్య యెలేనా సెర్గేయెవ్నా తెచ్చి భర్తకి పెట్టించింది.

ఆయన మూత్రపిండాల జబ్బుతో చూపు పోతున్నా మంచం మీది నుంచి దిద్దుబాట్లు చెబుతుంటే రాసుకున్నది ఆవిడే. 1940 మార్చి 10న ఆయన పోయాక పాతికేళ్లకు పైగా ఆ ప్రతిని దాచింది. 1966-67లో ‘మస్క్వా’ పత్రిక కోతలు పెట్టి వేసింది. సోవియట్ దేశంలో పూర్తి పుస్తకం 1973లో వచ్చేసరికి ఆవిడ పోయి మూడేళ్లయింది. రాయి మీద ఆవిడ పేరు కూడా ఉంది. నవలలో మార్గరీత మండుతున్న పొయ్యిలోంచి కాగితాల్ని ఉత్తచేతుల్తో లాగుతుంది. ఆ మార్గరీత కల్పన అని ఇకమీదట ఎవరైనా అంటే నేనొప్పుకోను.