పెద్దాయన మీద అరవడం

“నువ్వు ఆ వాక్యం పూర్తి చేసేలోపు అది నా నెత్తిన పడి ఉండేది” అన్నారు ఆయన.

ఇళ్ల పైకప్పులు వేస్తూనే జుట్టు నెరిసిన మనిషి. మా నాన్న ఈడు. కెనడాలోని క్యాల్గరీలో వేసవి వడగళ్లు ఎంత పని చేస్తాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కరలేదు. దెబ్బతిన్న కప్పులు చూడటానికి మా కంపెనీ ఇప్పుడు నిచ్చెనకు బదులు డ్రోన్ పంపుతోంది. విమానాశ్రయం చుట్టూ ఉన్న నియంత్రిత గగనతలంలో ఎగరేయాలంటే అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉండాలి. రాత పరీక్షలో 50 ప్రశ్నలు, 80 శాతం వస్తే గట్టెక్కినట్టే. మనవాళ్లకు అదొక లెక్కా! మిగిలింది ఫ్లైట్ రివ్యూ, అంటే పరీక్షకుడి ముందు ఎగరేసి చూపించే పరీక్ష.

అందులో ఎగరేయడం కన్నా మాట్లాడటమే ఎక్కువ. కరెంటు తీగలు, సెల్ టవర్లు, దగ్గరలోని హెలిపోర్టులు, గాలి, జనం ఎంత దూరంలో ఉన్నారు, అన్నీ ముందే చూసుకుని చెప్పాలి. ఎత్తు 122 మీటర్లు దాటకూడదు. డ్రోన్ లేచాక “సిగ్నల్ పోయింది, ఇప్పుడేం చేస్తావు?” అని అడగవచ్చు. “అది నీ మాట వినకుండా వెళ్లిపోతోంది” అనవచ్చు. అలా వెళ్లిపోతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు వెంటనే కబురు చేయాలి. ఆ నంబరు ముందే రాసి పెట్టుకోవాలి.

సాధనలో పెద్దాయన నాకు విజువల్ అబ్జర్వర్, అంటే డ్రోన్ మీదా చుట్టుపక్కలా కన్నేసి ఉంచే తోడు మనిషి. నన్ను పరీక్షించడానికే కావచ్చు, డ్రోన్ దిగే చోటికి నడిచి వచ్చారు. నేను “సర్, మీకు అభ్యంతరం లేకపోతే కాస్త పక్కకి...” అన్నాను. అప్పుడు పడింది ఆ చీవాటు.

ఆ పూటంతా గుచ్చుకుంటూనే ఉంది. తండ్రి వయసు మనిషిని గద్దించమంటే నోరెలా వస్తుంది? పోనీ ఈ కెనడావాళ్లు మర్యాద తెలియనివాళ్లా? కాఫీ వరుసలో మనం కాలు తొక్కినా వాళ్లే సారీ చెబుతారు. రిమోట్ పట్టుకోగానే ఆ మర్యాద ఎక్కడికి పోతుందో! అడిగితే నిబంధన చూపించారు. డ్రోన్ గాలిలో ఉన్నంతసేపు సిబ్బంది అంతా పైలట్ చెప్పినట్టే వినాలి. యజమాని వచ్చి అబ్జర్వరుగా నిలబడ్డా అంతే.

ఇలా గద్దించడం మన దగ్గర లేదా, అంటే ఉంది. లారీ వెనక్కి తీసేటప్పుడు మీసాలు రాని క్లీనర్ కుర్రాడు బాడీ మీద దబదబా చరిచి “ఆపు, ఆపు!” అని కేకేస్తాడు. ఏ డ్రైవరూ నొచ్చుకోగా చూడలేదు. చక్రం కింద గారూ లేదు, అండీ లేదు. కాబట్టి ఇది మన సంస్కారంలోని లోపమంటే నేను ఒప్పుకోను. హైదరాబాదు ఆఫీసుల్లో మేనేజరు తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించుకోవడం నేర్చిన నాలాంటివాళ్ల జబ్బు ఇది. ఆ క్లీనరును తీసుకొస్తే ఈ భాగం మొదటిరోజే నెగ్గేస్తాడు.

ఇప్పుడు పొద్దున్నే బ్యాటరీలు చలికి నీరసించకుండా కోటు లోపలి జేబులో పెట్టుకుని మైదానానికి వెళుతున్నాం. ఆయన కావాలని అడ్డం వస్తారు, నేను “స్టాప్!” అని అరుస్తాను. నిన్న కుక్కతో నడుస్తున్న ఒకావిడ ఆగి, ఆయన వంక జాలిగా, నా వంక మరోలా చూసింది.

రివ్యూ వచ్చే మంగళవారం, చినూక్ గాలి అడ్డుపడకపోతే. ఆ రోజూ ఆయనే అబ్జర్వరుగా వస్తానన్నారు. “సర్” అని వినబడితే మాత్రం మధ్యలోనే కారెక్కి వెళ్లిపోతారట.