రంగు కూరలు, నడుం కొలత

ప్యాంటు సైజు 34 అని చెప్పే మగవాళ్లలో చాలామందికి నడుం 34 ఉండదు. ప్యాంటును పొట్ట కిందికి జార్చి కడతారు కాబట్టి అక్కడ 34 వస్తుంది. బొడ్డు దగ్గర టేపు పెడితే 39, 40 కూడా పలుకుతుంది. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఇన్నేళ్లుగా నేను చూస్తున్నది ఇదే. పెళ్లినాటి ప్యాంటు ఇప్పటికీ పడుతోందని మురిసిపోయేవాళ్లున్నారు. పొట్ట తగ్గి కాదు, ప్యాంటు దిగి.

మా పాప పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోంసైన్సు చదువుతోంది. పొట్ట ఎక్కడ కొలవాలో వాళ్ల పాఠంలోనే ఉంది. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలంట. అంగుళాల్లో సుమారు 35న్నర, 31న్నర. టేపు కనబడగానే గాలి పీల్చి బిగబట్టడం మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే ఏదో ఒకటి మాట్లాడిస్తాను. మాటతోపాటు పొట్టా బయటికొస్తుంది, అప్పుడు కొలుస్తాను.

చర్మం కింద చేతికి దొరికే కొవ్వు వేరు, లోపల పేగుల చుట్టూ, కాలేయం పక్కన పేరుకునేది వేరు. షుగరు, గుండె జబ్బు తెచ్చిపెట్టేది ఎక్కువగా ఆ లోపలిదే.

ఇక రంగుల సంగతి. ఫోన్లో వీడియోలు చూసి, "క్యారెట్ తింటే పొట్ట కరుగుతుందంట కదా టైలరన్నా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పూర్తిగా గాలికబురు కాదు. టమాటా ఎరుపు లైకోపీన్, క్యారెట్‌కూ మామిడిపండుకూ రంగిచ్చేది బీటా కెరోటిన్, ఆకుకూరల్లో పచ్చదనం చాటున దాక్కున్న పసుపు ల్యూటిన్. వీటన్నిటినీ కలిపి కెరోటినాయిడ్లంటారు. పొట్ట పెద్దగా ఉన్నవాళ్ల రక్తంలో ఇవి తక్కువగా ఉంటున్నాయని చాలా పరిశోధనల్లో కనబడింది. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. "రంగు తక్కువై పొట్ట పెరిగిందా, పొట్ట పెరిగి రంగు తగ్గిందా?" అని పాపను అడిగాను.

"రెండోదీ ఉంది నాయనా," అంది. ఈ కెరోటినాయిడ్లు నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే, నూలు గుడ్డ అద్దకం రంగును పీల్చినట్టు, అది వాటిని లాగి దాచుకుంటుంది. రక్తంలో మిగిలేది తక్కువ. పైగా ఆకుకూరలు బాగా తినేవాళ్లు మిగతా తిండి దగ్గరా, నడక దగ్గరా కూడా కాస్త బుద్ధిగానే ఉంటారు. ఎలుకల్లోనూ ల్యాబుల్లో పెంచిన కణాల్లోనూ అయితే, బీటా కెరోటిన్ నుంచి తయారయ్యే విటమిన్ ఎ రూపం ఒకటి కొత్త కొవ్వు కణాలు ఏర్పడకుండా అడ్డుపడుతుందంట. ఎలుకకు పనిచేసింది కదా అని గాంధీ రోడ్డులో ప్యాంటు వదులైపోదు.

నా లెక్క వేరే. రంగు పొట్టను కరిగించదు, పళ్లెంలో అన్నానికి చోటు తగ్గిస్తుంది. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 కెలోరీలుంటే, అంతే టమాటాలో 20 లోపే. మనమేమో అన్నం గుట్ట పోసి, పక్కన గరిటెడు కూర పెట్టుకుంటాం. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అందులో ఉర్లగడ్డను కలపదు. ఉర్లగడ్డ వేపుడును కూర ఖాతాలో రాసుకునే ఇళ్లు మా వీధిలో బోలెడు.

మా ఇంట్లో సంగటి కెలికిన రోజు ఎర్ర తోటకూర ఉండాల్సిందే. మా ఆవిడ లేత కాడలతో సహా తరిగి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి కొద్ది నీళ్లలో ఉడికిస్తుంది. ఉడికేకొద్దీ నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కెరోటినాయిడ్ కాదు. బీట్‌రూట్‌లో ఉండే బీటాలైన్ల జాతి, నీళ్లలో కరిగేది. (బీటాలైన్లు తయారుచేసే మొక్కల్లో నేరేడు పండు, వంకాయ తొక్కల ఊదా రంగు ఎప్పటికీ ఉండదంట. ఒకటుంటే ఇంకోటి గడప తొక్కదు. రంగులకూ పంతాలే.) ఆ నీళ్లు పారబోయకుండా పప్పుగుత్తితో అందులోనే ఎనుపుతుంది. ఆకులోని కెరోటిన్ మాత్రం ఆకులోనే ఉంటుంది. చెనక్కాయ నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, చితక్కొట్టిన తెల్లగడ్డ వేసి తిరగవాత పెడితేనే అది ఒంటికి సరిగ్గా పడుతుంది. నూనె చుక్క తగలకుండా పచ్చి క్యారెట్ నమిలేవాళ్లకు దవడల శ్రమే ఎక్కువ. టమాటా కూడా నూనెలో మగ్గితేనే లైకోపీన్ బాగా అందుతుంది. చెంచా నూనె చాలు. గుంటగరిటెతో పోశామంటే వదిలించుకోవాలనుకున్న కొవ్వును మళ్లీ పిలిచినట్టే.

మామిడి దగ్గర మాత్రం జనం నా మాట వినరు. జూన్ వచ్చిందంటే తోతాపురి లారీలు చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు బారులు కడతాయి. పండులో కెరోటిన్ ఉంది, తీపీ ఉంది, పీచు కూడా ఉంది. అదే జ్యూసై సీసాలోకి ఎక్కేసరికి పైనుంచి చక్కెర తోడవుతుంది. పసుపు రంగు చూసి దాన్ని కూరగాయల లెక్కలో వేయకండి.

మొన్న పాత కస్టమరొకాయన ప్యాంటు లూజు చేయమని తెచ్చి, జేబులోంచి ఒక సీసా తీశాడు. పొట్ట తగ్గడానికంట, ఫోన్లో చూసి తెప్పించుకున్న బీటా కెరోటిన్ మాత్రలు. సీసాతోపాటు బీడీకట్ట కూడా బయటికొచ్చింది. అప్పుడే నాకు క్యారియర్ తెచ్చిన పాప రెండూ చూసి ఊరుకోలేదు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా తీసుకుని, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూశారంట. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందనుకుంటే, ఆ మాత్ర మింగినవాళ్లలో 18 శాతం ఎక్కువ వచ్చింది. 1994లో ఆ ఫలితం బయటపెట్టారు. కూరల్లో తినేదానికి ఈ భయం లేదు. బీడీ తాగేవాళ్లు మాత్రం ఈ మాత్ర జోలికి పోకూడదు.

ఆయన సీసా వైపోసారి, బీడీల వైపోసారి చూసి, "రెంటిలో ఏది మానాల సామీ?" అన్నాడు.

"రెండూ," అంది పాప.

"బీడీ మానితే ఒళ్లొస్తుందంటారే!"

చాలామందికి కాస్త వస్తుంది, అబద్ధం చెప్పడమెందుకు. ఆ వచ్చినదానికి ఎన్నిసార్లయినా ప్యాంటు ఉచితంగా లూజు చేసిస్తానని ఒప్పుకున్నాను. వెనక కుట్టులో ఇంకా అంగుళంన్నర బట్ట వదిలే ఉంది.