బెల్లు కొట్టని హాస్టల్లో డిప్రెషన్

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లకి తెల్లారగట్ల లేవడం దగ్గర్నుంచి రాత్రి పడుకోవడం దాకా అన్నీ బెల్లే చూసుకుంటుంది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ బెల్లు ఉండదు. కోనసీమ నుంచి కాకినాడ వచ్చిన నాకు మొదట చెడింది నిద్ర, తర్వాత ఆకలి. దిగులు ఆఖర్న బయటపడింది. అందుకే ఇంట్లో అందరూ బెంగ అనుకున్నారు.

బెంగైతే అమ్మ ఫోన్ చేస్తేనో, రూమ్మేట్ కబుర్లు చెప్తేనో కాసేపైనా తేలికపడుతుంది. డిప్రెషన్‌ అంత తేలిగ్గా వదలదు. మ్యాచ్ పెట్టుకుని స్కోరు కూడా చూడబుద్ధి కాదు. దాదాపు రోజూ, రోజంతా, రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్ని కలవాలి. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే పత్రంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. 10 గానీ పైన గానీ వస్తే వెళ్లాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏమొచ్చినా, మొత్తం ఎంతన్నది చూడకుండా ఆరోజే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. మందు రాసేముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూపించుకోవడం మంచిది, అవి తేడాగా ఉన్నా ఇదే నీరసం వస్తుంది. నాకు డిప్రెషన్ తగ్గించే మందు ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. ఈ మందుతో చిక్కేమిటంటే, మంచికంటే ముందు ఇబ్బందే కనపడుతుంది. మొదటి వారం వికారం, అలజడి. గుణం కనపడ్డానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు. చాలామంది ఈలోపే మానేస్తారు. 25 ఏళ్ల లోపువాళ్లకి మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం కొంత ఉంది కాబట్టి రూమ్మేట్‌కి ముందే చెప్పి ఉంచాలి.

“నిద్రమాత్రలు అలవాటైపోతాయిరా, మానెయ్” అనే పిన్నులు మనకి ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఎస్సిటాలోప్రామ్ నిద్రమాత్ర కాదు, మత్తుమందులా వ్యసనం చేయదు. అలవాటయ్యేది అలజడి తగ్గించి నిద్ర పట్టించే క్లోనజెపామ్ లాంటిది, దాన్ని డాక్టర్లు కొద్దిరోజులకే రాస్తారు. అసలు గండం సంక్రాంతి సెలవులు. అప్పటికి ఒంట్లో బాగానే ఉంటుంది, స్ట్రిప్పు హాస్టల్ అలమరాలోనే ఉండిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే కళ్లు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టు జర్కులొస్తాయి, చిరాకు. జబ్బు తిరగబెట్టిందని భయమేస్తుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పిన లెక్కన వారాల తరబడి తగ్గించుకుంటూ ఆపాలి. పండక్కి పందేల దగ్గర బావలు బలవంతపెట్టినా గ్లాసు ముట్టుకోకండి, మద్యం దిగులుని పెంచుతుంది.

మాత్ర ఒక్కటే సరిపోదు. ఎంత రాత్రి పడుకున్నా ఉదయం ఆరున్నరకే లేవాలి, ఆదివారమైనా సరే. నిద్ర సరిపడే వేళ దానంతటదే కుదురుకుంటుంది. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ పడుకోవాలి. మధ్యాహ్నం మూడు దాటాక టీ వద్దు. ప్రతి శుక్రవారం యానాం వంతెన దాటి ఇంటికి వచ్చేస్తే అప్పటికి హాయిగానే ఉంటుంది గానీ, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. రెండు వారాలకోసారి అని ముందే అనుకుంటే అమ్మకీ తేలిక.

అటెండెన్స్ సంగతి ముందే చూసుకోండి. కాకినాడ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూకే) నిబంధనల్లో 75 శాతం ఉండాలి, 65 దాకా పడితే వైద్య కారణాల మీద కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, ఇస్తారు. ఓపీ చీటీలన్నీ తేదీలవారీగా ఫైల్లో పెట్టుకోండి, సెమిస్టర్ చివర్లో వెతుక్కుంటే దొరకవు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుది, కాలేజీకి తెలిసిపోతుందన్న భయంతో ఓపీకి వెళ్లడం మానకండి.