ఘాట్ రోడ్డు మీద బానెట్ ఎత్తి

దారి పక్కన పాత కారు ఆపి బానెట్ ఎత్తితే చాలు, పది నిమిషాల్లో జనం చేరిపోతారు. ఒకాయన పెట్రోలు అందడం లేదంటాడు. ఇంకొకాయన ప్లగ్గులు చూడమంటాడు. మరొకాయన ఏమీ మాట్లాడకుండా చేతులు వెనక్కి కట్టుకుని తల ఊపుతూ నిలబడతాడు. అమ్మేయమని సలహా ఇచ్చేవాడు అందరికన్నా ఆఖరున వస్తాడు. కాకినాడ నుంచి అరకు వెళ్లే దారిలో వీళ్లందరూ మాకు ఊరూరా తగిలారు. అరకు గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అక్కడికి చేరడం గురించి మాత్రం చాలా ఉంది.

కారు 1988 నాటి అంబాసిడర్, మార్క్ 4. నాన్న కొన్నది. 1489 సీసీ పెట్రోలు ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. ఈ కార్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అప్పటి నుంచి చిన్న రబ్బరు వాషరు కావాలన్నా పాత సామాను కొట్ల వెంట తిరగాల్సిందే. పైగా 15 ఏళ్లు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. ఆ డబ్బు కట్టినప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపు వేరే ఖర్చు. అయినా కారును తప్పుపట్టలేను. దాని వయసుది కొంత తప్పు, ఇన్నేళ్లలో దాని మీద చెయ్యి వేసినవాళ్లది మిగతా అంతా.

బయలుదేరేముందు ఊళ్లోనే ఒక మెకానిక్కు అప్పజెప్పి సర్వీసు చేయించాను. 6,500 తీసుకుని, కశ్మీరు దాకా వెళ్లి రావచ్చని భరోసా ఇచ్చాడు. మా బావమరిది హైదరాబాదు నుంచి తన కొత్త కారులో వచ్చాడు. "బావా, మీ కారు ఇంట్లోనే ఉండనివ్వండి, నా కారులో హాయిగా ఏసీ వేసుకుని వెళదాం" అన్నాడు. అతని అక్కే అడ్డుపడింది. మామగారు పోయాక ఆ కారు దూరప్రయాణం చేయలేదని, ఈసారి దాంట్లోనే వెళ్లాలని పట్టుబట్టింది. దారి పొడుగునా ఆ మాట ఆమెకు గుర్తుచేయకుండా ఉండడానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు.

కత్తిపూడి దాటి హైవే ఎక్కాక, అన్నవరం కొండకు దండం పెట్టుకుని, తుని దాకా బాగానే నడిచింది. వేంపాడు టోల్‌గేటు వరుసలో నిలబడి ఉండగా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు. నేను స్టీరింగు పట్టుకున్నాను, బావమరిది, ఒక లారీ క్లీనరు వెనక నుంచి తోశారు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ మాత్రం తన పని తాను శ్రద్ధగా చేసింది. తోసుకుంటూ దాటించిన బండికి కూడా పూర్తి టోలు కోసేశారని ఫోనులో సందేశం వచ్చింది. నడిచి వెళ్లేవాడికి టోలు లేని దేశంలో మేము దాదాపు నడిచే వెళ్లాం కదా అని బావమరిది గొణిగాడు.

అక్కడి నుంచి అనకాపల్లి దాకా జరిగినదంతా చెబితే మీకు విసుగొస్తుంది. సారాంశం ఇంతే. ఓ గంట నడుస్తుంది, దగ్గుతుంది, ఆగుతుంది. మెకానిక్ వస్తాడు. ముందు చేసినవాడెవడని అడుగుతాడు. చెప్పగానే నవ్వుతాడు. ఆ నవ్వుకు కనీసం ఐదు వందలు. తరువాత పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పుతాడు. అందులోని సన్నటి రంధ్రాల జెట్లు ఊదుతాడు, చెత్త ఉందంటూ మన వేలి మీద నలకంత మడ్డి పెట్టి చూపిస్తాడు. బిగించి తాళం తిప్పగానే ఇంజిను అందుకుంటుంది. అందరి ముఖాలూ వెలుగుతాయి. మళ్లీ ఇరవై ముప్పై కిలోమీటర్లకు అదే దగ్గు.

యలమంచిలి దాటాక తగిలినవాడు కార్బురేటర్ జోలికి పోలేదు, అందుకు సంతోషించాను. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపులో పొర పోయిందన్నాడు. అనకాపల్లి నుంచి మనిషిని పంపి కిట్టు తెప్పించాడు, రానూపోనూ పెట్రోలు ఖర్చు మాదే. పంపు బాగుచేసి, ఇక ఇంజిను ఊడిపోయినా పంపు ఊడదన్నాడు. ఆ రాత్రి అనకాపల్లి లాడ్జిలో దిగాం. అరకు రిసార్టులో ముందే కట్టిన గది ఖాళీగా ఉండిపోయింది. తిరిగివ్వడం కుదరదని ఫోనులో చాలా మర్యాదగా చెప్పారు.

నాన్న ఉన్న రోజుల్లో కూడా ఈ కారు ఆగేది. కాకపోతే ఆయన దాన్ని విసుగుగా తీసుకోగా నేనెప్పుడూ చూడలేదు. తిరుపతి వెళుతుండగా నెల్లూరు దగ్గర రేడియేటర్ కారిపోయింది. ఆయన దిగి, చొక్కా విప్పి సీటు మీద మడతపెట్టి, అమ్మను పసుపు అడిగారు. అమ్మ పూజ సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది, కొండ మీదికి తీసుకువెళుతున్న పసుపని సణుగుతూనే. నాన్న దాన్ని నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశారు. ఆ పొడి వెళ్లి చిల్లులో పేరుకుని కారడం ఆగింది. తిరుమల వెళ్లి ఇంటికి తిరిగి వచ్చేదాకా దాని ఊసే లేదు. ఇప్పుడు నా దగ్గర పసుపు లేదు, ఆయన ఓపికా లేదు. పైగా ఈ జబ్బు నీళ్లది కాదు.

మర్నాడు సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరాం. మే నెల ఎండ. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక రెండో గేరులో గుంజుకుంటూ ఎక్కుతోంది. అదే కొండల్లో, కొత్తవలస–కిరండోల్ లైను మీద, రైలు ఏ ఆయాసమూ లేకుండా 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను దాకా వెళుతుంది. టికెట్టు కూడా మా ఒక్క పంపు కిట్టు కన్నా చౌక. ఆ సంగతి బావమరిది చెప్పాడు, నేను విననట్టు ఊరుకున్నాను. టైడా దాటిన కాసేపటికి ఒక మలుపులో కారు ఆగింది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం.

ఒక జీపు డ్రైవరు ఆపి చూసి, ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతోందన్నాడు. ఆవిరి అడ్డుపడితే పంపు లాగలేదు. పాత పెట్రోలు బళ్లకు ఎండాకాలం ఘాట్‌లో ఇది నిజంగానే జరిగేదే. తువ్వాలు తడిపి పంపు చుట్టూ చుట్టించాడు. అరగంట ఆగి తాళం తిప్పితే స్టార్ట్ అయింది! మంత్రం దొరికిందనుకున్నాం. మూడు మలుపులు తిరిగేసరికి మళ్లీ ఆగింది. తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. మా ఆవిడ దాన్ని తీసి చూసి, "ఇది నా కొత్త తువ్వాలు" అంది. అంతకు మించి ఆ రోజు ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే భయంగా ఉంది.

ఆ జీపు డ్రైవరే కిందికి వెళుతూ ఒక ముసలి మెకానిక్కు కబురు చేశాడు. గంటన్నర తరువాత, మోపెడ్ మీద, ముందు రేకు పెట్టె పెట్టుకుని వచ్చాడాయన. కళ్లద్దాలకు ఒక కాడ లేదు, దారం కట్టి ఉంది. బానెట్ కిందికి తొంగి కూడా చూడలేదు. బండరాయి మీద కూర్చుని బీడీ వెలిగించి, "ఆగాక ఎంతసేపటికి స్టార్ట్ అవుతుంది బాబూ?" అని అడిగాడు.

అరగంటకు అన్నాను.

"ఏం చేస్తే?"

అప్పటి దాకా ఎవరూ అడగని ప్రశ్న అది. కార్బురేటర్ విప్పితే, పంపు మారిస్తే, గుడ్డ తడిపి వేస్తే అని వరుసగా చెప్పాను. "ఏమీ చేయకుండా ఊరికే కూర్చుంటే?" అన్నాడు. ఊరికే కూర్చుని చూడనిచ్చినవాళ్లెవరు?

లేచి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల పాయింట్లంటే రెండు చిన్న లోహపు బిళ్లలు, ఇంజిను తిరుగుతుంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అవి తెరుచుకున్న ప్రతిసారీ, బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ నుంచి ప్లగ్గుకు నిప్పురవ్వ వెళుతుంది. నన్ను వంగి చూడమన్నాడు. ఒక బిళ్ల మీద చిన్న గుంట పడింది, రెండో దాని మీద అంతే మేర బుడిపె లేచింది. చుట్టూ నల్లగా కమిలింది. తాళం ఆన్ చేయించి, స్క్రూడ్రైవర్‌తో పాయింట్లను కొద్దిగా విడదీశాడు. ఆ సందులోనే తెల్లగా పెద్ద మెరుపు మెరిసింది. కాయిల్ తీగ కొసను ఇంజిను దగ్గర పట్టుకుని మళ్లీ విడదీస్తే అక్కడ పసుపుపచ్చగా, సన్నగా, ప్రాణం లేని రవ్వ వచ్చింది.

"వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా కరెంటు ఇక్కడే కాలిపోతోంది. కండెన్సర్ పోయింది" అన్నాడు.

కండెన్సరంటే చిటికెన వేలి కొసంత డబ్బీ, డిస్ట్రిబ్యూటర్ లోపలే స్క్రూతో బిగించి ఉంటుంది. పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడ మెరుపు పుట్టకుండా ఆపడం దాని పని. లోపలి పొర పాతబడితే చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, వేడెక్కితే దాంట్లోంచి కరెంటు కారిపోతుంది. చల్లబడగానే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఉంటుంది. వేంపాడు నుంచి టైడా దాకా మా కథంతా ఇదే. కార్బురేటర్ విప్పి బిగించడానికి అరగంట పైనే పడుతుంది, పంపుకు ఇంకా ఎక్కువ, తడిగుడ్డకు అరగంట. ఆ వ్యవధిలో ఈ డబ్బీ చల్లబడేది, పేరు కార్బురేటర్‌కో గుడ్డకో వచ్చేది. డబ్బులు తీసుకున్నవాళ్లు కూడా తామే బాగుచేశామని మనసారా నమ్మి ఉంటారు. అందుకే వాళ్ల మీద కోపం కూడా సరిగా రావడం లేదు.

ఆయన దగ్గర అంబాసిడర్ కండెన్సర్ లేదు. పెట్టె అడుగు నుంచి ఏదో పాత పెట్రోలు జీపుది తీశాడు. అది లోపల పట్టదు. పాతదాన్ని పీకేసి, కొత్తదాన్ని డిస్ట్రిబ్యూటర్ బయట ఒక బోల్టు కింద బిగించి, దాని తీగను పాయింట్లకు వచ్చే కరెంటు తీగ చోటనే కలిపాడు. బయట గాలి తగులుతుంది, ఇంకా మంచిదన్నాడు. పాయింట్లను సన్నటి ఆకురాయితో సమం చేశాడు. సందు కొలవడానికి గేజి పెట్టెలోనే ఉంది, కానీ అగ్గిపెట్టె అట్ట చింపి దాంతోనే చూసుకున్నాడు. ఇంజిను అందుకుంది. ఈసారి చప్పుడు కూడా మారినట్టు అనిపించింది నాకు. నా భ్రమ అని బావమరిది అన్నాడు.

ఎంత అంటే 1,500 అన్నాడు. ఆ కండెన్సర్ ఖరీదు రెండు వందలు కూడా ఉండదని ఫోనులో చూసి, బావమరిది బేరానికి దిగాడు. "సరే, విప్పేయమంటారా?" అని రెంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు ఆ పెద్దాయన. ఇచ్చేశాం.

తరువాత అనంతగిరి, గాలికొండ ఎక్కడా ఆగలేదు, ఆగే ధైర్యం మాకూ లేదు. ఇంజిను ఆపితే మళ్లీ అందుకోదేమోనని కాఫీ తోటల దగ్గర ఒకరి తరువాత ఒకరం దిగి చూసి వచ్చాం, కారు నడుస్తూనే ఉంది. అరకులో జనం, దుమ్ము, బొంగు చికెన్ ధర చూస్తే వెదురు కూడా తినాలనిపించేంత. తిరుగుదారిలో బొర్రా గుహల్లో మాత్రం చల్లగా ఉంది. మా ఆవిడ అక్కడ మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇంటిదారిలో అన్నవరం దగ్గర గాలివాన పట్టుకుంది. ఇంజిను రాయిలా నడుస్తోంది, వైపర్లు చచ్చిపోయాయి. బావమరిది అప్పటికి పూర్తిగా మారిపోయాడు. నన్ను దిగనివ్వకుండా తానే దిగి, బడ్డీ కొట్టులో సిగరెట్ పెట్టె కొన్నాడు. పొగాకు అద్దానికి రుద్దితే నీళ్లు నిలవకుండా జారిపోతాయని ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. సిగరెట్లు ఒక్కొక్కటే చింపి అద్దానికి రుద్దుతుంటే కొట్టువాడు గొడుగు పట్టుకుని వచ్చి మరీ చూశాడు. కత్తిపూడి దాకా బాగానే కనిపించింది. కాకినాడలో వైపర్ మోటారుకు 1,800 చెప్పారు. నేను తొమ్మిది వందలకు సెకండ్ హ్యాండ్‌ది చూడమన్నాను, ఇంకా ఏదీ తేలలేదు.