కేజీ బేసిన్ హైడ్రేట్: 128 మీటర్ల మందం చూసి మురిసిపోకండి

కృష్ణా-గోదావరి తీరానికి అవతల, సముద్రం అడుగు మట్టిలో మీథేన్ గ్యాస్ నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడి ఉంది. దీన్నే హైడ్రేట్ అంటారు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక అక్కడ 10వ నంబరు చోట తవ్వితే సుమారు 128 మీటర్ల మందాన హైడ్రేట్ తగిలింది. నోరూరించే అంకే. కానీ అదంతా బంకమట్టి. హైడ్రేట్ ఆ మట్టి బీటల్లో సిరల్లా, ముద్దల్లా పేరుకుంది. బంకమట్టిలో నీరు కదలదు. నీరు తోడలేనప్పుడు ఒత్తిడి తగ్గదు, ఒత్తిడి తగ్గకపోతే గ్యాస్ విడిపోదు. 2015లో చిక్యూ నౌక వచ్చినప్పుడు ఇసుక పొరల కోసం వెతికింది అందుకే.

ఘనమీటరు హైడ్రేట్ కరిగితే మామూలు ఒత్తిడి దగ్గర సుమారు 164 ఘనమీటర్ల గ్యాస్, 0.8 ఘనమీటరు నీరు వస్తాయి. కరగడానికి దాదాపు 400 మెగాజౌళ్ల వేడి కావాలి. ఆ గ్యాస్‌ను మండిస్తే వచ్చే వేడిలో ఇది ఆరు శాతమే, కానీ ఇవ్వాల్సింది చుట్టూ ఉన్న మట్టే. పొర చల్లబడే కొద్దీ కరగడం మందగిస్తుంది. మరీ తొందరపడి ఒత్తిడి దించితే రంధ్రాల్లో నీరు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.

జపాన్ వాళ్లు 2013లో తమ తీరానికి అవతల నన్‌కాయ్ ద్రోణి దగ్గర ఒత్తిడి దించే పద్ధతినే పరీక్షించారు: బావి అడుగున సుమారు 135 బార్లున్న ఒత్తిడిని 50 బార్ల లోపుకు దించారు. ఆరు రోజుల్లో దాదాపు 1,20,000 ఘనమీటర్ల గ్యాస్ వచ్చింది. ఆపైన ఇసుక వచ్చిపడింది, పరీక్ష ఆగింది. ఇసుక రేణువుల్ని పట్టి ఉంచిన సిమెంటు ఆ హైడ్రేటే మరి! దాన్ని కరిగించాక ఇసుక ఊరుకుంటుందా? 2017లో మళ్లీ ప్రయత్నించినప్పుడు మొదటి బావిలో అదే బెడద. రెండోది మాత్రం 24 రోజులు నడిచి రమారమి 2,00,000 ఘనమీటర్లు ఇచ్చింది.

హైడ్రేట్ కరిగి సముద్రం అడుగు జారితే సునామీ వస్తుందన్న భయం గురించి ఎక్కువ రాస్తారు గానీ, నాకు దగ్గరగా కనిపించే ప్రమాదం వేరు. మామూలు చమురు బావి ఈ పొరను దాటుకుని కిందికి పోతుంది. కింది నుంచి వచ్చే వేడి చమురు కేసింగ్ (బావికి తొడిగిన ఉక్కు గొట్టం) చుట్టూ హైడ్రేట్‌ను మెల్లగా కరిగిస్తుంది. మట్టి పట్టు సడలుతుంది, గ్యాస్ ఆ గొట్టం చుట్టూ పోసిన సిమెంటు వెంబడి పైకి పాకుతుంది. తలకిందులుగానూ జరుగుతుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో కారుతున్న మకోండో చమురు బావి మీద ఉక్కు డోమ్ దించితే, గ్యాస్ చల్లటి నీటిలో కలిసి లోపలే హైడ్రేట్‌గా పేరుకుంది. పైకి తోడే దారి మూసుకుపోయింది, డోమ్‌ను పక్కకు తీసేయాల్సి వచ్చింది. అలాంటి చోట హైడ్రేట్ గడ్డకట్టకుండా ముందే మెథనాల్ గానీ గ్లైకాల్ గానీ ఎక్కిస్తారు. ఒకసారి గడ్డకట్టాక పైపుకు ఒక్క వైపే ఒత్తిడి వదలకూడదు. ఆ గడ్డ ఊడి తుపాకీ గుండులా దూసుకుపోతుంది.